పాత టాటా 407 లారీకి స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ షాఫ్ట్ కింద ఉండే గేర్ల పెట్టె) ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. మా నాన్నగారి 407కి నేనూ, మా డ్రైవరూ కలిసి ఇంటి వెనక షెడ్డులోనే మార్చాం, ఇప్పటికీ బాగానే తిరుగుతోంది. కాకపోతే స్టీరింగ్ జానెడు తిప్పినా చక్రం కదలడం లేదని, టై రాడ్ ఎండ్లు (ముందు చక్రాలు రెంటినీ కలిపే రాడ్డు చివరి జాయింట్లు) మార్చినా తగ్గలేదని, మెకానిక్ బాక్స్ పోయిందన్నాడని రాశారు కదా, డబ్బులు పెట్టేముందు ఆ మాట నిజమో కాదో మీరే చూసుకోండి.

హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాల కింద రాళ్లు పెట్టి, బండి బరువు నేల మీదే ఉంచండి. పవర్ స్టీరింగ్ అయితే ఇంజిన్ ఆన్‌లో ఉండాలి. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊపమని, మీరు పక్కనుంచి టార్చి వేసి చూడండి, చెయ్యి మాత్రం పెట్టొద్దు. బాక్స్‌లోకి వెళ్లే షాఫ్ట్ తిరుగుతున్నా కింద డ్రాప్ ఆర్మ్ (బాక్స్ నుంచి వేలాడే చెయ్యి లాంటి ఇనుప ముక్క) ఉలక్కపోతే అరిగింది బాక్సే. ఆర్మ్ కదులుతున్నా చక్రం కదలకపోతే డ్రాగ్ లింక్ (ఆర్మ్ నుంచి చక్రం వైపు వెళ్లే రాడ్డు) జాయింట్లు, కింగ్ పిన్లు (ముందు చక్రం అటూ ఇటూ తిరిగే పిన్నులు) చూడాలి. అసలు షాఫ్టే ఆలస్యంగా తిరుగుతుంటే పైన షాఫ్ట్ మధ్యలో ఉండే క్రాస్ జాయింట్ పోయినట్టు. ఒక్కోసారి ఇవేవీ కాదు, చాసిస్‌కి బాక్స్ కట్టిన బోల్టులు లూజై మొత్తం బాక్సే ఊగుతుంటుంది, అప్పుడు ఖర్చు స్పానర్ తిప్పినంతే.

బాక్స్ మీద లాక్ నట్‌తో ఒక స్క్రూ ఉంటుంది, అది బిగిస్తే ప్లే (చక్రం కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరగడం) పోతుందని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి టీకొట్టు దగ్గరా దొరుకుతారు. కొంచెం అరుగుదలకి ఆ స్క్రూ పనికొస్తుంది, కాదనను. కానీ బండి ఎక్కువసేపు తిన్నగానే పోతుంది కాబట్టి లోపల పళ్లు మధ్యలోనే బాగా అరుగుతాయి. మధ్యలో ప్లే పోయేదాకా బిగిస్తే, అంతగా అరగని చోట, అంటే మలుపులో, స్టీరింగ్ పట్టేస్తుంది, దానంతట అది తిరిగి రాదు. లోడ్ మీద ఘాట్ దిగేటప్పుడు అలా పట్టేస్తే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. మోటారు వాహనాల రూల్స్ ప్రకారం కూడా స్టీరింగ్ ప్లే 30 డిగ్రీలు దాటకూడదు, అంటే గడియారంలో ఒక అంకె నుంచి పక్క అంకె దాకా. జానెడు అంటే అది దాటేసినట్టే, ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) వెళ్లినా ఆపుతారు.

ఇక విప్పడం. ముందు చక్రాలు తిన్నగా పెట్టి, షాఫ్ట్‌కీ బాక్స్‌కీ, డ్రాప్ ఆర్మ్‌కీ దాని షాఫ్ట్‌కీ పంచ్‌తో గుర్తులు కొట్టండి. పవర్ స్టీరింగ్ అయితే ఆయిల్ తీసేసి, పైపులు విప్పి, చివర్లకి కవరు చుట్టండి, దుమ్ము లోపలికి పోతే పంపు పాడవుతుంది. అసలు యుద్ధమంతా డ్రాప్ ఆర్మ్ దగ్గరే. ముందు రోజు రాత్రే డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి వదిలేయండి. నట్టు విప్పడానికి రాడ్డుకి పొడవాటి పైపు తగిలించాలి. నట్టు పూర్తిగా తీసేయకుండా నాలుగు చుట్లు ఉంచి, గట్టి పుల్లర్ (ఆర్మ్‌ని షాఫ్ట్ నుంచి లాగే పనిముట్టు) వేసి బిగించి, ఆర్మ్‌లో షాఫ్ట్ దూరే రంధ్రం పక్కన సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే, ఠప్పుమని ఊడుతుంది, ముఖం దూరంగా పెట్టుకోండి. షాఫ్ట్ కొన మీద మాత్రం కొట్టొద్దు. గ్యాస్‌తో కాల్చడం అసలే వద్దు, ఆర్మ్ బలం పోతుంది. పుల్లర్ కొనక్కర్లేదు, ఆటోనగర్‌లో తెలిసినవాళ్లుంటే ఒక పూటకి ఇస్తారు.

బాక్స్ దింపాక చాసిస్ మీద బోల్టు రంధ్రాల చుట్టూ మట్టి గీకి, వైర్ బ్రష్ కొట్టి, పగుళ్లేమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందు ఆ పని తేల్చాలి.

కొత్త బాక్స్‌ని ఒక చివరి నుంచి రెండో చివరికి తిప్పి, చుట్లు లెక్కపెట్టి, సరిగ్గా సగానికి తెచ్చి ఎక్కించండి. కింద జాకీ, చెక్క పెట్టకపోతే ఇద్దరున్నా చేతులు పడిపోతాయి. పాత బోల్టులు వాడొద్దు, తల మీద 10.9 లాంటి గ్రేడ్ (బోల్టు బలం చెప్పే అంకె) చూసి, విప్పినవి ఏ గ్రేడో దానికి తగ్గకుండా కొనండి. చక్రాలు తిన్నగా, బాక్స్ మధ్యలో ఉండగా ఆర్మ్‌కీ డ్రాగ్ లింక్‌కీ కుదరకపోతే లింక్ పొడవు సవరించండి, బాక్స్‌ని తిప్పి కుదర్చొద్దు.

పవర్ స్టీరింగ్ అయితే దాని ఆయిల్ ట్యాంకు కడిగి, ఫిల్టర్ మార్చాలి, పాత బాక్స్ పొడి అందులోనే ఉంటుంది. ముందు చక్రాలు లేపి స్టాండ్ల మీద పెట్టి, ఇంజిన్ ఆఫ్‌లోనే చివరి నుంచి చివరికి మెల్లగా తిప్పుతూ ఆయిల్ పోస్తూ ఉండండి. బుడగలు ఆగాకే స్టార్ట్ చేయండి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనిపిస్తే గాలి ఇంకా ఉన్నట్టే.

ఖాళీ బండితో ఊరి బయట తిప్పి చూసి, అలైన్‌మెంట్ చేయించి, మొదటి లోడ్ దింపాక బాక్స్ బోల్టులకి, డ్రాప్ ఆర్మ్ నట్టుకి మళ్లీ ఒకసారి టార్క్ రెంచ్ పెట్టండి.