స్టాఫ్ సొంత కారులో ఆఫీసు పని మీద వెళ్తే యాక్సిడెంట్ బాధ్యత ఎవరిది?

ప్రశ్న: మాది చిన్న కంపెనీ సార్. మా అకౌంటెంట్ బ్యాంకుకీ క్లయింట్ల దగ్గరికీ తన సొంత కారులోనే వెళ్తారు, పెట్రోల్ డబ్బులు మేం ఇస్తాం. కారు, ఇన్సూరెన్స్ రెండూ ఆవిడ పేరు మీదే. యాక్సిడెంట్ అయితే మాకేం సంబంధం ఉండదు కదా?

జవాబు: ఉంటుందండీ. బండి ఎవరి పేరు మీద ఉందన్నది కాదు, ఆ టైంలో ఎవరి పని మీద తిరుగుతోందన్నదే కోర్టు ముందు చూస్తుంది. పని మీద ఉండగా ఉద్యోగి తప్పు చేస్తే యజమాని కూడా జవాబు చెప్పుకోవాలన్నది చాలా దేశాల్లో ఉన్న రూలే.

ఇంగ్లండ్‌లో ఒక కేసు ఉంది. కంపెనీ ఇద్దరు వర్కర్లని దూరంగా ఇంకో సైటుకి పంపింది, వాళ్ళు రాత్రంతా నిద్ర లేకుండా పని ముగించి, అందులో ఒకతని సొంత కారులో తిరిగొస్తూ రోడ్డు దిగి గోడని గుద్దేశారు, ఆ కారుకి అసలు ఇన్సూరెన్సే లేదు. ప్రయాణం టైంకి కూడా జీతం ఇస్తున్నారు కాబట్టి డ్యూటీలో ఉన్నట్టేనని 1989లో అక్కడ అప్పటి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ కంపెనీని కూడా బాధ్యుల్ని చేసింది.

ఇంటి నుంచి ఆఫీసుకి రోజూ వచ్చేపోయే దారి మామూలుగా మీ లెక్కలోకి రాదు. కానీ "వచ్చేటప్పుడు ఆ చెక్కు బ్యాంకులో వేసేసి రండి" అని మీరు పొద్దున్నే మెసేజ్ పెట్టారనుకోండి, అప్పుడు కథ మారిపోతుంది. పని మధ్యలో ఆవిడ పూర్తిగా తన సొంత పనికి వేరే దారి పట్టి వెళ్తే మీకు బాధ్యత లేదు, ఇది 1834 నుంచీ ఉన్న సూత్రమే, కాకపోతే దారిలో చిన్న మలుపు తిరిగినంత మాత్రాన మీరు బయటపడరు.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా ముఖ్యం. ముందు ఆవిడ పాలసీ తీసి "వాడకం" అన్న క్లాజు చదవండి, వ్యక్తిగత అవసరాలకి మాత్రమే అని ఉంటే క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది, కాబట్టి ఆఫీసు పనికి వాడతానని ఆవిడ తన ఇన్సూరెన్సు కంపెనీకి రాసిచ్చి ఆ మార్పు పాలసీ మీద వేయించుకోవాలి, దానికి ప్రీమియం పెరిగితే ఆ తేడా మీరు భరించడం న్యాయం, పని మీది కదా. తర్వాత, ఉద్యోగుల సొంత బండ్ల వల్ల కంపెనీ మీదికొచ్చే క్లెయిములకి నాన్ ఓన్డ్ ఆటో లయబిలిటీ అని ఒక కవర్ కొన్ని దేశాల్లో దొరుకుతుంది, మీ దగ్గర ఉందేమో మీ ఏజెంటుని అడగండి. అది సాధారణంగా ఆవిడ పాలసీ ఇచ్చినంత ఇచ్చాక మిగిలినదానికే వస్తుంది, ఆవిడ కారు రిపేరు మాత్రం అందులో రాదు. ఆవిడకి దెబ్బలు తగిలితే అది ఉద్యోగుల నష్టపరిహారం కింద వేరే విషయం.

లైసెన్సు కాపీ, పాలసీ కాపీ రెన్యువల్ అయిన ప్రతిసారీ తీసుకుని ఫైల్లో పెట్టండి. లైసెన్సు ఎక్స్‌పైర్ అయిందని తెలిసీ పంపిస్తే అది నేరుగా మీ తప్పే అవుతుంది. ఆవిడ డ్రైవింగ్‌లో ఉన్నప్పుడు ఫోన్ చేసి "ఎక్కడున్నారు" అని అడగడం దయచేసి మానేయండి, కాల్ రికార్డు రేపు మీకే ఎదురు సాక్ష్యం.

ఒకవేళ యాక్సిడెంట్ అయితే ఆవిడదీ మీదీ రెండు ఇన్సూరెన్సు కంపెనీలకీ వెంటనే రాతపూర్వకంగా చెప్పండి. "సొంత పని మీద వెళ్ళానని చెప్పమ్మా" అని ఆవిడని మాత్రం ఎప్పుడూ అడగొద్దు, అది మోసం కిందకొస్తుంది, పైగా మీ మెసేజులూ పెట్రోల్ బిల్లులూ నిజం చెప్పేస్తాయి, ఆ దెబ్బకి ఆవిడ కవర్ కూడా పోవచ్చు.