పోర్టు నంబరు మారిస్తే చాలా?

ప్రశ్న: మాది చిన్న ఆడిటర్ ఆఫీసు. ట్యాలీ ఉన్న కంప్యూటర్‌ను స్టాఫ్ ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో వాడతారు. అందుకోసం రౌటర్‌లో 3389 పోర్టు తెరిపించాం. ఈ మధ్య అకౌంట్లు మాటిమాటికీ లాక్ అవుతున్నాయి. పోర్టు నంబరు మారిస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: సరిపోదమ్మా. ఏ నంబరు పెట్టినా, తెరిచి ఉన్న పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో వెతికే ప్రోగ్రాములు పట్టేస్తాయి. ముందు ఆ కంప్యూటర్‌లో ఈవెంట్ వ్యూయర్ (విండోస్ రాసుకునే రికార్డులు చూపే ప్రోగ్రాము) తెరిచి, విండోస్ లాగ్స్‌లో సెక్యూరిటీ కింద 4625 నంబరు ఎంట్రీలు చూడండి. అవి విఫలమైన లాగిన్లు. ‘అడ్మిన్’, ‘టెస్ట్’ లాంటి పేర్లు, మీకు తెలియని ఐపీ అడ్రస్‌లు వరసగా కనిపిస్తే ఎవరో బయటి నుంచి పాస్‌వర్డ్‌లు ప్రయత్నిస్తున్నట్టే; అకౌంట్లు లాక్ అవుతున్నది అందుకే కావచ్చు.

రౌటర్‌లో ఆ పోర్టు ఫార్వర్డింగ్‌ను (బయటి నుంచి వచ్చేవాళ్లను నేరుగా ఆ కంప్యూటర్‌కు పంపే సెట్టింగ్‌ను) ఈ రోజే తీసేయించండి. క్లయింట్ల పాన్, బ్యాంకు వివరాలన్నీ అందులోనే ఉంటాయి కదా, నాకు టెన్షన్ అదే. ఒకటి రెండు రోజులు ఇంటి నుంచి పని ఆగినా ఫర్వాలేదు. తర్వాత వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే భద్రమైన దారి) పెట్టించండి. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ ప్రోగ్రాము ఉచితమే. స్టాఫ్ ముందు వీపీఎన్‌లోకి వచ్చి, ఆపైన రిమోట్ డెస్క్‌టాప్ తెరుస్తారు.

ఇంకొకటి. విండోస్‌లో అడ్మినిస్ట్రేటర్లకు రిమోట్ ప్రవేశం దానంతటదే ఉంటుంది. రోజువారీ పనికి స్టాఫ్‌కు మామూలు అకౌంట్లిచ్చి, అవసరమైనవాళ్లనే రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో చేర్చండి. నెట్‌వర్క్ లెవల్ ఆథెంటికేషన్ (డెస్క్‌టాప్ తెరుచుకోకముందే పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు) ఆన్‌లో ఉంచండి. అప్‌డేట్లు వాయిదా వేయకండి. రిమోట్ డెస్క్‌టాప్‌లో 2019లో బయటపడ్డ బ్లూకీప్ లోపం ఎంత తీవ్రమంటే, మైక్రోసాఫ్ట్ అప్పటికే వదిలేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది.

ట్యాలీ బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ను కాపీ అవగానే కంప్యూటర్ నుంచి తీసి బీరువాలో పెట్టండి; ఎవరైనా కంప్యూటర్‌లోకి చొరబడినా ఆ కాపీ వాళ్లకు అందదు.