గోదావరి పడవకు జింకు దిమ్మ కడితే తుప్పు ఆగుతుందా?

ఏటూరునాగారం దగ్గర గోదావరిలో తిప్పే పడవకు ఇనుప చుక్కాని, బ్రాకెట్లు తుప్పు పడుతున్నాయి, జింకు దిమ్మ కట్టమంటారా అని అడిగారు. సముద్రంలో అయితే సరే, ఇనుము బదులు జింకు కరిగి తుప్పును ఆపుతుంది. మంచినీళ్లలో జింకు మీద పొర కట్టి పని మానేస్తుంది. ఇక్కడ మెగ్నీషియం కావాలి. అది చవగ్గా దొరికేది గీజర్ స్పేర్ల షాపులో. వరంగల్ వచ్చినప్పుడు మెగ్నీషియం రాడ్ అని స్పష్టంగా అడగండి, లేకపోతే హీటింగ్ కాయిల్ చేతిలో పెడతారు.

ఇనుమును మెరిసేదాకా గీకి, రాడ్‌ను నీళ్లలో మునిగేచోట నట్టుతో బిగించండి. లోహానికి లోహం తగలాలి, తాడుతో వేలాడదీస్తే దండగ. రాడ్‌కు రంగు పూయొద్దు. ఇనుము బదులు అదే కరుగుతుంది, సగమయ్యాక మార్చేయండి. నీటికి పైనున్న ఇనుముకు మాత్రం ఎపాక్సీ పెయింటే గతి.