ముందు త్రాసు, తర్వాతే క్రోనోగ్రాఫ్

అమలాపురం మిత్రమా, ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు (సీసపు గుళ్లు) తూచి వేరుచేసినా గురి చెదురుతోంది, క్రోనోగ్రాఫ్ (గుండు వేగం కొలిచే పరికరం) కొనాలా అన్నారు. ఇప్పుడే వద్దు, త్రాసు మార్చండి. 4.5 మి.మీ. మ్యాచ్ (పోటీల్లో వాడే) పెల్లెట్ సుమారు 0.53 గ్రాములు ఉంటుంది. మీ త్రాసు 0.01 గ్రాము దాకానే చూపిస్తుంది కాబట్టి 0.526, 0.534 రెండూ దానికి 0.53 కిందే లెక్క. 0.001 చూపేది కావాలి. అది ఫ్యాన్ గాలికే అంకెలు ఊగించేస్తుంది. ఫ్యాన్ కట్టేసి, త్రాసుని అరగంట ఆన్‌లో ఉంచి, 20 గ్రాముల తూకపు రాయితో సరిచూసుకోండి. పది పెల్లెట్లకోసారి పళ్లెం ఖాళీ చేసి సున్నా వస్తోందో లేదో చూడండి. వెనక అంచు నొక్కుకుపోయినవి తూచకుండానే పక్కన పడెయ్యండి, బరువు కుదిరినా అవి తిన్నగా పోవు. కోనసీమ చెమ్మకి సీసం తెల్లపొడి పట్టేస్తుంది, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వెయ్యండి. చేతులు కడుక్కోకుండా మాత్రం టిఫిన్ ముట్టుకోకండి.