కొత్తగా డెస్క్ ఇన్‌ఛార్జ్ అయిన తమ్ముడికి

విజయవాడ

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. కథల గురించి అడుగుతావనుకున్నాను. పత్రికలో డెస్క్ ఇన్‌ఛార్జ్‌ని చేశారనీ, ఆరుగురితో పని చేయించాలంటే టెన్షన్‌గా ఉందనీ రాశావు. మంచిదే. టెన్షన్ లేకుండా ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ని నేను. ఏం జరిగిందో చెబుతాను.

ఈ ఊళ్లోనే ఒక పత్రికలో జిల్లా పేజీలు చూసేవాణ్ని. చేతిలో ఎర్ర పెన్ను, నోట్లో అంతకంటే ఘాటు మాట. ఒక రాత్రి పక్కపక్కనే రెండు వార్తలు పడ్డాయి. ఒకటి సంతాపం, ఒకటి సన్మానం. ఫొటోలు తారుమారయ్యాయి. తెల్లారేసరికి సన్మానం అందుకున్న పెద్దాయన ఇంటికి చుట్టాలు ఏడుస్తూ వచ్చారు. మధ్యాహ్నానికి ఆయనే ఆఫీసుకొచ్చి, నా ఎదురుగా కూర్చుని, "నేనే వచ్చాను, చూసుకోండి" అన్నారు. ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ రోజు రాలేదు.

సాయంత్రం ఓ సబ్ఎడిటర్ కుర్రాడు మెల్లగా చెప్పాడు. పేజీ వదలకముందే ఆ తప్పు చూశాడట. మరి చెప్పలేదేం అంటే, "పోయిన వారం హెడ్డింగ్ గురించి అడిగితే అందరి ముందూ అరిచారు కదండీ" అన్నాడు.

రోజూ సీతానగరం నుంచి కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ మీదుగా వస్తావు కదా. ఆ 70 గేట్లలో ఎన్ని, ఎంత ఎత్తాలో తేలాలంటే పైన పులిచింతల ప్రాజెక్టు నుంచి ఎంత వదిలారో ముందే కబురు రావాలి. 2024 సెప్టెంబరులో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డప్పుడు ఆ కబురు విలువ ఊరంతటికీ తెలిసింది. డెస్క్‌లో అలాంటి కబురు తెచ్చేది చాలాసార్లు అందరికంటే చిన్న ఉద్యోగే. వాడితో నువ్వు మొదట ఏమంటావో మిగతావాళ్లు చెవులు రిక్కించి వింటారు. "మంచిపని చేశావు, ఇంకా టైముందా?" అను. ఎవరి తప్పన్నది మర్నాడు, టీ దగ్గర, ఆ ఒక్కణ్నే పిలిచి మాట్లాడు.

నీకు రాయడం వచ్చు, అదొక ప్రమాదం. డెస్క్‌లో పిల్లలు రాసిచ్చిన కాపీ గబగబా తిరగరాసేస్తావు. రేపూ అలాంటి కాపీయే వస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని, "చదివేవాడికి ఇందులో ముందు ఏం కావాలి?" అని అడుగు. మొదటి నెల డెడ్‌లైన్ దగ్గర ప్రాణం పోతుంది. పోనీ.

మీటింగులంటావా, నిలబడి పది నిమిషాల్లో ముగించు.

దసరాకి మూలానక్షత్రం రోజు దుర్గమ్మ కొండ కింద క్యూలు నిండిపోతాయి, డెస్క్‌కి ఊపిరాడదు. అందరికీ ఆ రోజే సెలవు కావాలి. డ్యూటీ చార్టులో మొదటి పేరు నీదే వేసుకో. ఆ తర్వాత ఎవర్ని రమ్మన్నా గొణగరు. కొంచెం గొణుగుతారులే.

నీ కథ చదివాను. రెండో పేజీలో మేనేజరు అరుస్తాడు, గుమాస్తా తల దించుకుంటాడు, అంతే. ఆ గుమాస్తాకి ఏం తెలుసో నువ్వు రాయలేదు. ఆదివారం ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల వైపు వస్తాను, ఆ ప్రతి పట్టుకురా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు