నీళ్లు చూసే ఉద్యోగంలో ఎదుగుదల ఉందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. చాలా ఏళ్లుగా చెన్నైలోని అంబత్తూరులో ఉంటున్నాం. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి, శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో యుటిలిటీ సెక్షన్‌లో (ఫ్యాక్టరీకి కావాల్సిన కరెంటు, నీళ్లు, గాలి చూసే విభాగం) చేరి ఏడాదైంది. వాటర్ కూల్డ్ ఎయిర్ కంప్రెసర్లకు వెళ్లే నీళ్లు పరీక్షించి కెమికల్ కలపడం వాడి పని. ఇప్పుడు ఏ కెమికల్ కొనాలో కూడా వాడినే చెప్పమంటున్నారట. "డబ్బా మీద రాసింది తప్ప నాకేం తెలుసు నాన్నా" అని టెన్షన్ పడుతున్నాడు. మానిపించి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: అయ్యా, ఇప్పుడే మానిపించకండి. ఏడాది అనుభవమున్న కుర్రాడిని ఆ మాట అడుగుతున్నారంటే, అక్కడ అది తెలిసినవాళ్లు లేరన్నమాట. మీవాడు నేర్చుకుంటే ఆ చోటు అతనిదే.

కంప్రెసర్‌కు పెట్టే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారిపోతుంది. గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్, ఆఫ్టర్‌కూలర్లలో, ఆయిల్ కూలర్లలో తిరిగే నీళ్లే ఆ వేడిని మోసుకుపోవాలి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా అట్టకడుతుంది చూడండి, కూలర్ ట్యూబుల్లోనూ అదే జరుగుతుంది. అట్ట మందమైతే మిషన్ వేడెక్కి ట్రిప్ అవుతుంది, దాని గాలి మీద నడిచే లైన్లన్నీ ఆగిపోతాయి.

కెమికల్ ఎంచుకునే ముందు అబ్బాయి తెలుసుకోవాల్సింది నీళ్లు ఎక్కడివి, ఏ దారిలో తిరుగుతున్నాయి అని. బయటి గాలి తగలని క్లోజ్డ్ లూప్ అయితే ఇనుము తుప్పు పట్టకుండా నైట్రైట్ లేదా మాలిబ్డేట్, రాగి ట్యూబుల కోసం ఏజోల్ రకం వాడతారు. వేడెక్కిన నీళ్లను బయటి గాలి తగిలించి చల్లార్చే కూలింగ్ టవర్ కథ వేరు. అక్కడ నీళ్లు ఆవిరవుతూ ఉంటే ఉప్పులు మిగిలి చిక్కబడతాయి. అందుకే అట్టకట్టకుండా ఫాస్ఫోనేట్, పాలిమర్ కలిపి, నాచు పట్టకుండా బయోసైడ్ వేసి, తుప్పును కూడా చూసుకుంటూ, ఎప్పటికప్పుడు చిక్కబడ్డ నీటిలో కొంత బయటికి వదిలేయాలి (బ్లోడౌన్). క్లోజ్డ్ లూప్‌లో బాగా పనిచేసే నైట్రైట్‌ను టవర్‌లో పోస్తే బ్యాక్టీరియాకు మేత వేసినట్టే. గ్లైకాల్ ముఖ్యంగా నీళ్లు గడ్డకట్టకుండా వేసేది. చెన్నైలో ఆ భయం లేదు, పైగా అది నీళ్లు వేడిని మోసే శక్తిని తగ్గిస్తుంది. గ్లైకాల్ తప్పనిసరి అని ఎవరైనా అంటే ఎందుకో అడగమనండి. చవగ్గా వస్తుందని కారు కూలెంట్ మాత్రం పోయనివ్వొద్దు.

మీ ప్రాంతంలో ఇంకో సంగతి ఉంది. కోయంబేడులో మురుగునీటిని ఆర్‌వో దాకా శుద్ధి చేసి శ్రీపెరుంబుదూరు, ఒరగడం వైపు పరిశ్రమలకు పంపుతున్నారు. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ కాబట్టి అట్ట సమస్య. ఆర్‌వో నీళ్లలో సున్నం దాదాపు ఉండదు, అట్ట తగ్గుతుంది గానీ తుప్పు పెరుగుతుంది. నీళ్లు మారినా పాత కెమికల్‌నే అంతే మోతాదులో పోస్తున్న చోట్లు నేను చూశాను.

ఈ సలహాలు రాసే పనిలోకి రాకముందు నేనూ మెయింటెనెన్స్‌లో చేశాను. ఒకసారి ధర తక్కువని కంపెనీ మార్చి, లూప్ కడగకుండానే కొత్త కెమికల్ పోయించాం. పాతదీ కొత్తదీ కలిసి జిగురుగా మారి స్ట్రైనర్లు (నీటి దారిలో ఉండే జల్లెడలు) మూసుకుపోయాయి. ఒక షిఫ్ట్ ప్రొడక్షన్ పోయింది. రెండింటినీ ఒక గాజు సీసాలో కలిపి రాత్రంతా ఉంచి చూసి ఉంటే ముందే తెలిసేది. ఆ సీసా పరీక్ష మీ అబ్బాయి అలవాటు చేసుకోవాలి.

అలాగే సొంతంగా ఒక నోట్‌బుక్ పెట్టమనండి. వచ్చే నీళ్లకూ తిరిగే నీళ్లకూ పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల మొత్తం), హార్డ్‌నెస్, క్లోరైడ్, ఐరన్ ఎంతో వారం వారం రాయాలి. కూలర్‌లోకి వెళ్లే నీటికీ బయటికొచ్చే గాలికీ టెంపరేచర్ తేడా రాయాలి. లోడ్ మారకుండా ఆ తేడా పెరుగుతూ పోతుంటే లోపల ఏదో పేరుకుంటోందని అనుమానించాలి. రెండేళ్ల నోట్‌బుక్ చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో చెప్పడానికి మాటలు వెతుక్కోనక్కర్లేదు.

రెండు మూడేళ్ల తర్వాత వాటర్ ట్రీట్‌మెంట్ కంపెనీల్లో సర్వీస్ ఇంజనీర్‌గా వెళ్లవచ్చు. కార్లు, టైర్లు, మందుల ఫ్యాక్టరీల్లో యుటిలిటీ పోస్టులుంటాయి. తమిళం, తెలుగు రెండూ వచ్చినవాడు కాబట్టి శ్రీసిటీ వైపు కూడా చూసుకోవచ్చు. చదువు పెంచుకోవాలంటే బీఈ రెండో ఏడాదిలో లేటరల్ ఎంట్రీ ఉంది. తగినంత అనుభవం వచ్చాక బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ) వాళ్ల ఎనర్జీ మేనేజర్ పరీక్ష రాయవచ్చు. సాఫ్ట్‌వేర్ మీద అబ్బాయికే ఇష్టం ఉంటే అది వేరే మాట. మీ ఉత్తరంలో అతని ఇష్టం గురించి ఒక్క ముక్కా లేదు. ముందు అది అడగండి.

ఒక్క విషయంలో మాత్రం నేను రాజీపడను. గ్లౌజులు, కళ్లద్దాలు ఇవ్వకుండా కెమికల్ పట్టించే చోట ఒక్క రోజు కూడా ఉండకూడదు. యాసిడ్, హైపో (సోడియం హైపోక్లోరైట్) పక్కపక్కన పెడుతున్నారేమో కనుక్కోండి. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది.

కంప్రెసర్ మాన్యువల్‌లో నీటి నాణ్యత పట్టిక ఉంటుంది. రేపు డ్యూటీకి వెళ్లినప్పుడు దాన్ని ఫోటో తీసుకొచ్చి, తన రీడింగుల పక్కన పెట్టి చూడమనండి. ఎక్కడ తేడా ఉందో దాన్నే పట్టుకుని సప్లయర్‌ను అడగమనండి.