ఆ జపాన్ ఇంజనీరు మా ఇంట్లో సంగటి తిన్న రోజు

ప్రశ్న: తిండితో దేశాల మధ్య స్నేహం పెరుగుతుందా? థాయిలాండ్ చేసిన పని మనం ఎందుకు చేయలేకపోతున్నాం?

పెరుగుతుంది. నా కళ్లతో చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

మాది చిత్తూరు దగ్గర పల్లె. శ్రీసిటీ పారిశ్రామికవాడలో ఒక జపాన్ కంపెనీకి విడిభాగాలు ఇచ్చే చోట క్వాలిటీ విభాగంలో చాలా ఏళ్లు పని చేశాను. వాళ్ల సీనియర్ ఇంజనీరు ఒకాయన ఏడాదికి రెండు మూడు సార్లు వచ్చేవారు. వచ్చినప్పుడల్లా మావాళ్లు తిరుపతిలో పెద్ద హోటల్‌కు తీసుకెళ్లి నాన్, పనీర్ బటర్ మసాలా, ‘ఆయనకు అలవాటే కదా’ అని నూడుల్స్ పెట్టించేవాళ్లు. మర్యాద కోసం నాలుగు ముద్దలు తినేవారు, అంతే. ఆ రోజుల్లోనే ఒక పార్టు కొలతల దగ్గర మూడు నెలలుగా పేచీ. మెయిల్ మీద మెయిల్, అందరికీ టెన్షన్.

ఒక ఆదివారం ఆయన్ని మా ఊరికి తీసుకెళ్లాను. కారం తగ్గించమని, చెంచా పెట్టమని అమ్మకు ముందే ఫోన్ చేశా. ‘మన ఇంటికొచ్చి మన కూడు తినకపోతే ఇంక రావడం ఎందుకురా?’ అంది.

నూకలు ఉడికాక రాగి పిండి పోసి మూత పెట్టి, కాసేపటికి గిన్నె కిందికి దించి, కాళ్లతో అదిమి పట్టుకుని కట్టెతో కెలికింది. ఆయన గడప దగ్గర కూర్చుని కన్నార్పకుండా చూశారు. తనూ కెలుకుతానని కట్టె తీసుకున్నారు. నాలుగు తిప్పులకే చొక్కా తడిసిపోయింది. అమ్మ చెయ్యి తడుపుకుని ముద్దలు చేసి, నడుమ గుంట పెట్టి నెయ్యి పోసింది. పక్కన నాటుకోడి పులుసు, చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశెనగ పచ్చడి.

మొదటి ముద్ద ఆయన నమిలారు. పళ్లకు అంటుకుపోయింది. ‘నమలొద్దు నాయనా, పులుసులో అద్దుకుని మింగు’ అంది అమ్మ. నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. వాళ్ల దగ్గర కొత్త సంవత్సరానికి మోచీ అని బియ్యపు ముద్ద తింటారట. ముసలివాళ్లకు గొంతులో అడ్డం పడుతుందని, వాళ్ల నాన్నకు తనే చిన్న ముక్కలు కోసి పెడతారట. అన్నిసార్లు వచ్చిన మనిషి తన ఇంటి మాట ఎత్తడం అదే మొదలు. సోమవారం డ్రాయింగ్ ముందు పెట్టుకుని కూర్చున్నాం. మధ్యాహ్నానికి కొలతల గొడవ తెగిపోయింది. అది సంగటి వల్లే అని ఎవరి ముందైనా చెబుతా.

థాయిలాండ్ 2002లో దీన్నే ప్రభుత్వ పనిగా పెట్టుకుంది. అప్పటికి విదేశాల్లో ఉన్న సుమారు 5,500 థాయ్ హోటళ్లను 8,000 చేయాలని లెక్క వేసుకుని, పెట్టేవాళ్లకు అప్పులిప్పించింది. కొరియా 2009లో తన వంటను అలాగే భుజానికెత్తుకుంది. వాసన ఎవరికో పడదని తన పులియబెట్టిన క్యాబేజీ పచ్చడి కిమ్చీని దాచిపెట్టలేదు.

మనమూ ఊరికే లేము. మన దేశం అడిగితేనే ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడు ఢిల్లీలో జీ20 విందులో కొర్రలు, సామలు, ఊదలు పెట్టారంటే నాకు ఎంత సంతోషమైందో! కానీ కరకరలాడే పలుకులుగా, పుడ్డింగుగా ఎందుకు? ముద్ద చేసి, చేత్తో తినమని పెట్టాల్సింది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ చైనా పోయే ముందు చాప్‌స్టిక్స్‌తో తినడం సాధన చేసుకుని మరీ పోయాడు. వచ్చేవాడు ఒక అడుగు మన వైపు వేస్తేనే కదా దగ్గరయ్యేది!

అంత దూరం ఎందుకు, తిరుపతి సంగతే చూడండి. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చే ఊరు. మెనూలో ఫ్రైడ్ రైసులు పది రకాలుంటాయి. సంగటి దొరికినా అందులో నూకలుండవు, రాయిలా ఉంటుంది. ఊరిబిండి అడిగితే కొబ్బరి చట్నీ తెచ్చి పెడతారు. ఇది చూస్తే నాకు కడుపు మండుతుంది.

ఆయన వెళ్లేటప్పుడు అమ్మ రెండు కిలోల రాగి పిండి కట్టిచ్చింది. నెల తర్వాత వాళ్ల వంటింట్లో సంగటి కెలికి నాకు ఫొటో పంపారు. అంతా ఉండలు కట్టి ఉంది. అమ్మకు చూపిస్తే ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, ‘నీళ్లు చాల్లేదు, ఈసారి ఇంకో చెంబు పొయ్యమని చెప్పు’ అంది.